తమ్ముణ్ని వంక తీసుకుపోయింది, అది శిక్షేనా?

ప్రశ్న:

సార్, వందనాలు. మాది తిరుపతి పక్కన ఒక పల్లె. 2021 నవంబరు 18 రాత్రి మా తమ్ముడు పని ముగించుకుని బండి మీద ఇంటికి వస్తూ కాజ్‌వే దాటబోయాడు. వంక అప్పటికే పొంగి ఉంది. మూడో రోజు దొరికాడు. వయసు ఇరవై ఏడు. మా పక్కింటివాళ్లు, ఆ వీధి కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని ఒడ్డంతా వెతికారు. వాళ్లలో చర్చికి వచ్చేవాళ్లు ఒక్కరూ లేరు.

తమ్ముడు చనిపోవడానికి ఏడాది ముందు నుంచి ఆరాధనకు రావడం మానేశాడు. తమ్ముడు పోయాక మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో ఒక పెద్దాయన, "దేవుడు పిలిచినప్పుడు రాకపోతే ఇలాగే అవుతుంది, మనకిది హెచ్చరిక" అన్నారు. మాయమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. తర్వాత క్రిస్మస్‌కి ఒకావిడ సాక్ష్యం చెప్పింది. "నీళ్లు మా గడప దాకా వచ్చి ఆగిపోయాయి, ప్రార్థన చేశాం కాబట్టి" అని. అమ్మ మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది.

నాలుగేళ్లయినా వాన పడితే అమ్మ పడుకోదు. "వాణ్ని నేను సరిగ్గా పెంచుంటే" అంటుంది. మాకు పల్లంలో ఇల్లు. అమ్మేసి మెరకలో స్థలం కొందామంటే, "విశ్వాసం లేదా?" అంటున్నారు బంధువులు. ఫోన్ నిండా లోకం ముగిసిపోతోందనే కడపటి దినాల మెసేజ్‌లు. పదేళ్ల మా పాప, "దేవుడు మామయ్యను ఎందుకు పట్టుకోలేదు?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. మీరైనా చెప్పండి సార్, అది శిక్షేనా?

సమాధానం:

అమ్మా, కాదు.

మీ తమ్ముడి చావు అతని పాపానికి శిక్ష కాదు, మీ అమ్మగారి పెంపకానికీ కాదు. మిమ్మల్ని ఊరడించడానికి ఈ మాట అనడం లేదు. సరిగ్గా ఇదే ప్రశ్న యేసు ప్రభువు ముందుకు వచ్చింది. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. యెరూషలేములో సిలోయము దగ్గర గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు ఊళ్లో మిగతా అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, ప్రభువే జవాబిచ్చాడు: "కారని మీతో చెప్పుచున్నాను." ఇంతకంటే తేటగా ఇంకెలా చెప్పాలి?

మీ పెద్దాయన దగ్గర ఈ వాక్యం తీస్తే ఆయన వెంటనే తర్వాతి ముక్క చదువుతారు. మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారు అన్నది. నిజమే, ఆ మాట ఉంది. కానీ అది ఎవరితో అన్నాడో చూడండి. ఎదురుగా నిలబడి వింటున్నవాళ్లతో, బతికున్నవాళ్లతో. చనిపోయిన పద్దెనిమిది మంది మీద ఒక్క తప్పూ మోపలేదు. వాళ్ల గురించి చర్చ పెట్టుకున్నవాళ్లను, మీ సంగతి మీరు చూసుకోండి అన్నాడు. అంటే ఆ కూడికలో మారుమనస్సు మాట పెద్దాయన తనకు తాను చెప్పుకోవాల్సింది, నాలాంటివాళ్లకు చెప్పాల్సింది. కొడుకు శవాన్ని చూసొచ్చిన తల్లి ముందు చెప్పాల్సింది కాదు.

ఆ వెంటనే ప్రభువు చెప్పిన కథ కూడా చదవండి. మూడేళ్లుగా కాపులేని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. తోటమాలి, ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండయ్యా, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు. మామిడి తోటల మధ్య పెరిగిన మన చిత్తూరు మనుషులకు ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు. ఏడాది పాటు చర్చికి రాని కుర్రవాడి గురించి దేవుని మనసు ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ తోటమాలిని చూడాలి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. ఆ వారంలో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. పదుల మంది పోయారు. రెండు మూడు రోజులు తిరగకముందే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని కింది పల్లెలన్నీ ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేశారు. కట్ట నిలిచింది. చెప్పండమ్మా, రాయలచెరువు కింది జనం నీతిమంతులనీ, చెయ్యేటి ఒడ్డు జనం పాపులనీ ఎవరైనా అనగలరా? అక్కడ ఒక కట్ట నిలిచింది, ఇక్కడ ఒక కట్ట తెగింది. నీళ్లు గుడి మెట్ల మీదా పారాయి, చర్చి ముందూ నిలిచాయి. దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపిస్తాడని కొండమీది ప్రసంగంలో ఉంది. పంటకు పనికొచ్చే వాన గురించి ఆ మాటను ఎంత సంతోషంగా చదువుతామో, ఊరు ముంచే వానప్పుడూ అదే మాట గుర్తుపెట్టుకోవాలి.

అయినా మనుషులు కారణం వెతుకుతారు. ఇది మన చర్చిలో ఒకాయన ఆలోచన మాత్రమే కాదు, ఏ ఊళ్లోనైనా ఏ మతంలోనైనా ఉంటుంది. అపొస్తలుల కార్యములు చివరి రెండు అధ్యాయాలు తీయండి. యేసును ఊరూరా ప్రకటించిన పౌలు ఎక్కిన ఓడ తుపానులో పద్నాలుగు రోజులు కొట్టుకుపోయి బద్దలవుతుంది. ఓడలో ఉన్న రెండు వందల డెబ్బై ఆరు మందీ మెలితే అనే ద్వీపంలో ఒడ్డున పడతారు. అక్కడ పౌలు పుల్లలు ఏరి నిప్పులో వేస్తుంటే పాము చేతిని పట్టుకుంటుంది. చూసినవాళ్లు ఏమన్నారు? వీడు హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా న్యాయం వదల్లేదు అన్నారు. కాసేపటికి పౌలుకు ఏమీ కాకపోయేసరికి, కాదు ఇతను దేవత అన్నారు. రెండు మాటలూ తప్పే. మీ అమ్మగారు విన్న రెండు మాటలూ ఆ రెండే. పోయినవాడు పాపి అని ఒకరు, నీళ్లు ఆగిన ఇల్లు పరిశుద్ధమైనదని ఇంకొకరు.

సాక్ష్యం చెప్పిన ఆవిడ చెడ్డది కాదు. భయంతో వణికి, బతికి బయటపడి, కృతజ్ఞత చెప్పాలనుకుంది. "బతికాం, దేవునికి స్తోత్రం" అని ఆగి ఉంటే ఎవరికీ నొప్పి ఉండేది కాదు. "ప్రార్థన చేశాం కాబట్టి" అన్న దగ్గర మాట అడ్డం తిరిగింది. ఆ రాత్రి మీ అమ్మగారు ప్రార్థన చేయలేదా? కొడుకు ఇంకా రాలేదని గడప దగ్గర నిలబడ్డ తల్లి కంటే గట్టిగా ఎవరు ప్రార్థన చేస్తారు? మన సంఘాల్లో సాక్ష్యాలు ఇచ్చే ప్రతి ఒక్కరూ, నా మాట వింటున్నవాళ్లలో కోల్పోయినవాళ్లు ఉన్నారా అని ఒకసారి కుర్చీల వైపు చూసి మొదలుపెడితే బాగుంటుంది. ఇది మీ పాస్టరుగారితో మీరు చెప్పవచ్చు. ఈ ఉత్తరం చూపించి నేనే చెప్పానని అనండి.

ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. 1977లో నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ ఏడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అదీ నవంబరు 19. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. మా సంఘం నుంచి బియ్యం, దుప్పట్లు పట్టుకుని వెళ్లిన కుర్రాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ ఒక పాక ఉన్నచోట, ఇప్పుడు పాక లేదు, ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఇద్దరు పిల్లలు పోయారని పక్కవాళ్లు చెప్పారు. నేను దగ్గరికి వెళ్లి, దేవుణ్ని ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయి అని వాక్యం చెప్పాను. ఆయన నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. లేచి, నేను తెచ్చిన దుప్పటి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ దాన్ని నేను రాయిలా విసిరాను. ఆయన దుప్పటి కూడా తీసుకోకుండా వెళ్లడానికి నేనే కారణం. అది ఈ రోజుకీ నాలో మానలేదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరు తెరవకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. అదొక్కటే వాళ్లు చేసిన మంచి పని. నోరు తెరిచాక వాళ్లు దేవుని తరఫున ఎన్నో మాట్లాడారు. చివరికి దేవుడు, నా గురించి సరిగ్గా మాట్లాడింది వీళ్లు కాదు, మొర పెట్టిన యోబే అన్నాడు.

మరి ఎందుకు జరిగింది? మీ తమ్ముడే ఎందుకు? దీనికి జవాబు నేను కల్పించి చెప్పను. యోబుకు కూడా చెప్పలేదు. దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు గానీ కారణాల పట్టీ ఇవ్వలేదు.

నీళ్లు ఎలా వచ్చాయో మాత్రం చెప్పగలం, అది చెప్పుకోవాలి కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ తడిగాలి వచ్చి శేషాచలం కొండలను తగులుతుంది. 19 తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటిన వాయుగుండం అలాంటిదే. ఆ నెల మొదటి నుంచీ వానలు పడుతుండటంతో నేల నాని ఉంది, చెరువులు నిండి ఉన్నాయి. రాతికొండల మీద పడ్డ నీళ్లు ఇంకవు. ఏడాదంతా ఎండి ఉండే వంక గంటలో పొంగుతుంది. దానికి తోడు వంకలు, చెరువు కాలవలు పూడ్చి మనం ఇళ్లు కట్టుకున్నాం. నీళ్లు వాటి పాత దారినే వెతుక్కుంటాయి. అడుగు లోతు నీళ్లు వేగంగా పారుతుంటే బండి పట్టు తప్పుతుంది, రెండడుగులైతే కారునే తోసేస్తుంది. చీకట్లో, రోజూ దాటే దారిలో, ఇల్లు కనిపించేంత దగ్గరలో ఉన్న కుర్రవాడు దాటేయొచ్చు అనుకుంటాడు. అది పాపం కాదమ్మా. ఇంటికి రావాలన్న ఆత్రం.

ఇల్లు మారే సంగతి. మారండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఇందాకటి ఓడ కథనే మొదటి నుంచి చదివితే, తుపాను రాకముందే పౌలు హెచ్చరిస్తాడు: కాలం దాటిపోయింది, ఇప్పుడు బయల్దేరితే నష్టం అని. అది దర్శనం చూసి చెప్పింది కాదు, ఋతువు చూసి చెప్పింది. వినలేదు. తర్వాత దేవదూత వచ్చి ఓడలో ఎవరి ప్రాణమూ పోదని మాట ఇచ్చాక కూడా, నావికులు పారిపోబోతే పౌలు ఆపుతాడు. వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరు అంటాడు. అన్నం తినండి, ఒంటికి బలం ఉండాలి అంటాడు. అంత విశ్వాసం ఉన్న మనిషి వాతావరణం చూశాడు, నావికుల్ని ఉంచుకున్నాడు, తిండి పెట్టించాడు. మెరకలో స్థలం కొనడం అవిశ్వాసం అనేవాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించండి.

కాకపోతే కొనే ముందు జాగ్రత్త. కొత్తగా వేసిన లేఅవుట్లలో మెరకలా కనిపించేది ఒకప్పటి వంకను మట్టితో నింపిన చోటు కావచ్చు. గ్రామ సచివాలయంలో సర్వేయరును కలిసి గ్రామ నక్ష చూపించమనండి. వంక పోరంబోకు, చెరువు పోరంబోకు ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. ఆ చుట్టుపక్కల పాత కాపురస్తులను, 2021లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి అని అడగండి. వేసవిలో కాదు, నవంబరులో, వాన పడ్డ మర్నాడు వెళ్లి ఆ స్థలంలో నిలబడి చూడండి.

మెసేజ్‌ల గురించి ఎక్కువ రాయను. యుద్ధాలు, కరువులు, భూకంపాలు అని ప్రభువు చెప్పిన చోటే, "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని కూడా చెప్పాడు. కలవరపెట్టడానికే పంపేవి తీసేయండి. మన జీవితం కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరి అన్న యాకోబు పత్రిక మాట కూడా మీకు వచ్చే ఉంటుంది, ఏదో కొండ బొమ్మ మీద రాసి. భయపెట్టడానికి వాడతారు దాన్ని. అయితే ఆ అధ్యాయం ఎక్కడ ముగుస్తుందో చూడండి: మేలు చేయడం తెలిసి కూడా చేయకపోతే అది పాపం అని. రేపు తెలియదు కాబట్టి ఈ రోజు తెలిసిన మంచి చేయమంటున్నాడు. మీకు తెలిసిన మంచి ఒకటుంది. ఆ కాజ్‌వే ఇంకా అలాగే ఉందా? నీటి మట్టం తెలిసేలా అడుగుల గుర్తులున్న రాయి, రాత్రిపూట కనిపించే రంగు, వంక పొంగితే అడ్డంగా వేయడానికి ఒక గొలుసు, ఇవి కావాలని పంచాయతీకి అర్జీ పెట్టండి. మీ సంఘం యువకులతో, ఆ రోజు తాళ్లు పట్టుకున్న మీ వీధి కుర్రాళ్లతో కలిపి సంతకాలు చేయించండి.

ఆ కుర్రాళ్ల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం అది దాటి ముందుకు పోవడం కష్టమైంది. మెలితే ద్వీపవాసులు పౌలును తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పాను. కానీ అంతకు ముందు వాళ్లేం చేశారో ఆ పుస్తకం రాసిన లూకా మర్చిపోకుండా రాశాడు. వాన పడుతోంది, చలిగా ఉంది, ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం నిప్పు రాజేసి అందర్నీ చేర్చుకున్నారు. దేవుడు మామయ్యను ఎందుకు పట్టుకోలేదని పాప అడిగితే, "నాకూ తెలియదమ్మా, నేనూ దేవుణ్ని అదే అడుగుతున్నాను" అని చెప్పండి. పిల్లలు ఆ మాటకు తట్టుకుంటారు. అబద్ధం చెబితే తట్టుకోరు. యేసు ప్రభువు కూడా స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడని చెప్పండి. ఆ తర్వాత, మామయ్యను మూడు రోజులు వెతికిన అన్నలు వీళ్లేనని పేరు పేరునా చూపించండి. కుదిరితే ఈ క్రిస్మస్‌కి వాళ్లందర్నీ ఇంటికి భోజనానికి పిలవండి.

ఇక అమ్మగారు. వానరాత్రి పడుకోకపోవడం విశ్వాసలోపం కాదు, గాయం. ఆ చప్పుడు వినగానే ఒళ్లు ఆ రాత్రికి వెళ్లిపోతుంది. నాలుగేళ్లయినా తగ్గలేదంటే డాక్టరును కలవాల్సిందే. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థనతో పాటే ఇది. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటూ ప్రార్థన చేస్తాం కదా.

ఇంట్లో మీరు చేయగలిగింది కొంచెం ఉంది. ఈసారి వాన మొదలైన రాత్రి ఆమెను పడుకోమని బతిమాలకండి. టార్చి, ఫోన్ ఛార్జింగ్, ఇంటి కాగితాలు, మందులు ఒక సంచిలో సర్ది ఆమె కళ్ల ముందే పెట్టండి. ఇంట్లో అందరూ లోపలే ఉన్నారని ఆమెకు కనిపించేలా ఒకే గదిలో పడుకోండి. టీ కాచి పక్కన కూర్చోండి. కీర్తనలు చదవాలనిపిస్తే 69 చదవండి, "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అని మొదలయ్యేది. స్తుతి కీర్తనలు తర్వాత చదవొచ్చు. చదవాలని లేకపోతే తమ్ముడి గురించి అడగండి. చిన్నప్పుడు ఏం అల్లరి చేసేవాడు, ఏ కూర ఇష్టం, మొదటి జీతంతో ఏం కొన్నాడు. నాలుగేళ్లుగా ఆ ఇంట్లో అతని చావు గురించే మాటలు నడుస్తున్నాయని నాకు అనిపించింది. ఇరవై ఏడేళ్లు బతికాడు కదా, వాటి గురించి ఆమెను మాట్లాడనివ్వండి.

కూడికలో ఆ మాట అన్న పెద్దాయన ఇంకా ఉంటే, మీరు వెళ్లి పోట్లాడక్కర్లేదు. లూకా 13 తీసి, ఇద్దరూ కలిసి ఒకసారి చదవండి చాలు. ఆయన వచ్చి అమ్మగారి పక్కన కాసేపు కూర్చుంటే ఇంకా మంచిది.

మీ ఉత్తరంలో తమ్ముడి పేరు రాయలేదు. తర్వాతి ఉత్తరంలో రాయండి. అచ్చు వేయను. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో పేరు పెట్టి తలుచుకోవడానికి.